లీజు కారుకి రన్-ఇన్ పాటించాలా? మొదటి వెయ్యి కిలోమీటర్ల వైపు నుంచి లీజు సర్వీసుపై సమీక్ష

కొత్త కారు నెలవారీ లీజుకి తీసుకుంటే పెద్ద డౌన్‌పేమెంటు ఉండదు. ఇన్సూరెన్సు, రోడ్ ట్యాక్సు, సర్వీసు సాధారణంగా నెల కిస్తీలోనే కలిసిపోతాయి. విజయవాడ, గుంటూరుల్లో ఈ సేవని బేరీజు వేసేవాళ్లు నెలకి ఎంత, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు, మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలి అని చూసుకుంటారు. తాళాలు చేతికొచ్చాక మొదటి వెయ్యి కిలోమీటర్లు ఎలా గడవాలో అగ్రిమెంటులో ఉండదు, డెలివరీ ఇచ్చే కుర్రాడూ చెప్పడు. ఈ సమీక్ష ఆ ఒక్క విషయం మీదే.

మూడేళ్ల తర్వాత తిరిగిచ్చేసే బండికి రన్-ఇన్ (కొత్త బండి భాగాలు అమరేదాకా మొదటి వెయ్యి కిలోమీటర్లు జాగ్రత్తగా నడపడం) ఎందుకు అన్నది అందరి ప్రశ్న. మా జవాబు: తప్పకుండా పాటించండి. అయితే దానివల్ల మీకు కలిగే లాభం ఇంజిన్ ఆయుష్షులో కంటే క్లచ్‌లో, బ్రేకుల్లో, టైర్లలో, ఆయిల్ లెక్కలో ఉంటుంది.

ఇంజిన్ లోపల జరిగేది

పిస్టన్ కదిలే సిలిండర్ బోరు గోడ అద్దంలా నున్నగా ఉండదు. ఫ్యాక్టరీలో హోనింగ్ రాళ్లతో దాని మీద ఐమూలగా సన్నటి గీతలు గీస్తారు. ఆ గీతల్లో ఆయిల్ నిలవాలి. గీతల అంచులు మొదట్లో కొంచెం పదునుగా ఉంటాయి. పిస్టన్ రింగులు వాటి మీద రాసుకుంటూ ఆ పదును తీసేసి, తామూ కాస్త అరిగి, గోడకి సరిగ్గా అమరి కూర్చుంటాయి. మెకానిక్కులు ‘ఇంజిన్ సెట్ అయింది’, ‘ఫ్రీ అయింది’ అనేది దీన్నే.

రింగుని గోడకి నొక్కేది దాని సొంత స్ప్రింగు బలం ఒక్కటే కాదు. మంట పుట్టినప్పుడు లేచే గ్యాస్ రింగు వెనక్కి చేరి దాన్ని గోడ వైపు నెడుతుంది. అందుకే కొత్త బండిని మరీ మెత్తగా, యాక్సిలరేటర్ మీద కాలు ఆనీ ఆననట్టు నడిపితే ఆ నొక్కుడు చాలదు. గోడ మీద మిగిలిన ఆయిల్ వేడికి మాడి వార్నిష్ పూతలా పేరుకుంటుంది. గీతలు మూసుకుపోతాయి, రింగు ఇక కూర్చోదు, బండి ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. దీన్ని గ్లేజింగ్ అంటారు. అలాగని మొదటి రోజే మీటరు మీది ఎర్రగీత (ఇంజిన్ వేగానికి ఆఖరి హద్దు) దాకా లాగితే రాపిడి వేడి ఒకేచోట పెరిగి గోడ మీద నిలువు గీతలు పడే ప్రమాదం ఉంది. రెండు తప్పులూ తప్పులే. భయపడి 40 దాటకుండా నడిపేవాళ్లకి వాళ్లు చేసేది కూడా తప్పేనని చెప్పేవాళ్లు తక్కువ.

500 కిలోమీటర్ల దాకా 40 దాటొద్దని ఆటోనగర్ పాత మేస్త్రీలు ఇప్పటికీ చెబుతారు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజులకి అది సరైన మాటే. ఇప్పుడు హోనింగ్ చేశాక పైపదునుని ఫ్యాక్టరీలోనే మరో దఫా తీసేస్తున్నారు. భాగాల కొలతల్లో తేడాలు కూడా బాగా తగ్గాయి. కాబట్టి రన్-ఇన్ అవసరం తగ్గింది. తగ్గిందంతే, పోలేదు.

ఇక్కడ నిజం ఒప్పుకోవాలి. మొదటి నెల మొరటుగా తోలిన కారు కూడా 36 నెలలు, 45,000 కి.మీ. లీజులో చాలావరకు ఏ లక్షణమూ చూపించకుండా తిరిగి వెళ్లిపోతుంది. ఇంజిన్‌కి జరిగిన నష్టం సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ల నెత్తిన, 80 వేలో లక్షో దాటాక పడుతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఇంకొకరి బండిని మనం అరగదీయడం మాకు నచ్చదు. లీజు ముగిశాక అదే కారుని మీరే కొనుక్కునే వీలు అగ్రిమెంటులో ఉంటే ఆ రెండో యజమాని మీరే కావచ్చు.

మాన్యువళ్లు ఏమంటున్నాయి

కారుతో వచ్చే ఓనర్స్ మాన్యువల్‌లో ఒక పేజీ దీనికోసమే ఉంటుంది. లీజు కార్లలో మాన్యువల్ చాలాసార్లు ప్లాస్టిక్ కవరు విప్పకుండానే డ్యాష్‌బోర్డు అరలో పడి ఉంటుంది. కంపెనీలన్నీ ఒకేలా చెప్పవు.

అన్నిటిలో మాకు బాగా నచ్చింది మారుతి సుజుకి పేజీ. మొదటి 960 కి.మీ. దాకా జాగ్రత్త అంటుంది. స్టార్ట్ చేయగానే రేజ్ చేయొద్దు, ఎక్కువసేపు ఒకే వేగంతో పోవద్దు, ఆగిన చోటు నుంచి పూర్తి యాక్సిలరేటర్‌తో లేవొద్దు, మొదటి 320 కి.మీ. గట్టిగా బ్రేకులు వేయొద్దు అంటుంది. అన్నిటికంటే విలువైన మాట ఇంకొకటి ఉంది: పై గేరులో మెల్లగా నడపొద్దు. మన ఊళ్లలో మైలేజీ కోసం 30 స్పీడులో నాలుగో గేరు వేసే అలవాటుకి సూటిగా తగిలే మాట అది.

హ్యుందాయ్ ప్రత్యేకమైన రన్-ఇన్ అక్కర్లేదంటూనే మొదటి 1,000 కి.మీ. ఇంజిన్‌ని 2,000 నుంచి 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) మధ్య ఉంచమంటుంది. అంకె ఇచ్చారు కాబట్టి మీటరు చూసి పాటించడం తేలిక. మైలేజీ, ఇంజిన్ పనితీరు 6,000 కి.మీ. తర్వాతే స్థిరపడతాయని కూడా రాశారు. మొదటి ట్యాంకుకే మైలేజీ రాలేదని లీజు కంపెనీకి ఫోన్ చేసేవాళ్లు ఆ వాక్యం చదవాలి.

టయోటా పనిని విడదీసి చెబుతుంది: 300 కి.మీ. దాకా సడన్ బ్రేకులు వద్దు, 1,000 కి.మీ. దాకా అతివేగం, ఒకే వేగం, కింది గేర్లలో ఎక్కువసేపు నడపడం వద్దు. హోండా ఇంచుమించు ఇవే చెప్పి, షెడ్యూలు కంటే ముందు ఇంజిన్ ఆయిల్ మార్చొద్దని కలుపుతుంది. మొదటి ఆయిల్ వెంటనే దించేయాలని మన దగ్గర ఇచ్చే సలహాకి ఇది నేరుగా వ్యతిరేకం. స్కోడా మొదటి 1,000 కి.మీ.లో గరిష్ఠ ఆర్‌పీఎంలో మూడొంతుల లోపే ఉంచి, 1,500 కి.మీ. వచ్చేసరికి మెల్లగా పెంచుకోమంటుంది. కొత్త టైర్లకి 500 కి.మీ., కొత్త బ్రేక్ ప్యాడ్లకి సుమారు 200 కి.మీ. అని విడిగా చెబుతుంది. ఈ చివరి రెండు అంకెలూ లీజుదారుకి అన్నిటికంటే పనికొచ్చేవి.

డెలివరీ రోజున

లీజు సర్వీసులో మాకు కనిపించిన అసలు లోపం ఇక్కడ ఉంది. కారు విజయవాడ షోరూమ్ యార్డు నుంచే వస్తే ఓడోమీటర్ మీద కొన్ని పదుల కిలోమీటర్లే ఉంటాయి. లీజు కంపెనీ హైదరాబాద్‌లో కొని, డ్రైవరుకిచ్చి ఎన్‌హెచ్-65 మీదుగా పంపితే కారు మీ ఇంటికి చేరేసరికే 270 కి.మీ. పైగా తిరిగి ఉంటుంది. అదీ ట్రిప్పు తొందరగా ముగించుకోవాలనుకునే డ్రైవరు చేతిలో, గంటల తరబడి ఒకే వేగంలో, సూర్యాపేట నుంచి నందిగామ దాకా ఐదో గేరు దించకుండా. మాన్యువల్ వద్దన్న పనే మీ చేతికి రాకముందే జరిగిపోయింది. రన్-ఇన్‌లో నాలుగో వంతు అయిపోయింది.

కాబట్టి ఆర్డరు ఖరారు చేసే ముందే ఈ-మెయిల్‌లో ఒక మాట అడగండి: కారు ట్రక్కు మీద వస్తుందా, నడిపి తెస్తారా? ట్రక్కు మీద పంపమనండి, లేదా విజయవాడ, గుంటూరు డీలర్ దగ్గరే డెలివరీ అడగండి. కుదరదంటే ఓడోమీటర్ రీడింగు డెలివరీ పత్రంలో రాయించి, ఫోటో తీసుకుని, ఏడాది కిలోమీటర్ల పరిమితి ఆ అంకె నుంచే మొదలవ్వాలని రాతపూర్వకంగా ఒప్పించండి. లేకపోతే ఆ 270 కి.మీ. కూడా మీ ఖాతాలో పడతాయి.

అదే రోజు బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ మట్టం చూపే కడ్డీ) చూడండి. బండి చదునైన చోట, ఇంజిన్ ఆపి అయిదు పది నిమిషాలయ్యాక తీసి తుడిచి మళ్లీ ముంచి తీస్తే గీత రెండు గుర్తుల మధ్య, పై గుర్తుకి దగ్గరగా ఉండాలి. కూలెంట్ డబ్బాలో మట్టం ఎక్కడుందో ఫోటో తీయండి. టైర్లలో గాలి కొలిపించండి. యార్డులో నిలబెట్టిన కార్లలో టైరు చదును పడకుండా గాలి ఎక్కువ కొట్టి ఉంచుతారు, డెలివరీకి ముందు తగ్గించడం మర్చిపోతారు. సరైన అంకె డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది. టైరు పక్కన నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. కారు తయారైన నెల కూడా చూసుకోండి. ఆరేడు నెలలు యార్డులో ఎండావానల్లో నిలబడిన బండికి బ్రేక్ డిస్కుల మీద తుప్పు, బ్యాటరీ బలహీనత మామూలు. మొదటి కొద్ది కిలోమీటర్లలో బ్రేక్ గరగరమంటే కంగారు పడక్కర్లేదు, వంద కిలోమీటర్ల తర్వాత కూడా పోకపోతే రాసి పంపాలి.

బెజవాడ, గుంటూరు రోడ్ల మీద వెయ్యి కిలోమీటర్లు

గుంటూరు నుంచి విజయవాడకి రోజూ ఉద్యోగానికి వచ్చిపోయేవాళ్లకి రానూపోనూ సుమారు 70 కి.మీ. పదిహేను పని రోజుల్లో రన్-ఇన్ అయిపోతుంది. పైగా దారి కూడా దానికి తగ్గట్టే ఉంది. అరండల్‌పేట, లక్ష్మీపురం ట్రాఫిక్‌లో కింది గేర్లు, హైవే ఎక్కాక నంబూరు దాకా వేగం, కాజ టోల్ దగ్గర తగ్గింపు, మంగళగిరి దగ్గర మళ్లీ తగ్గింపు, తాడేపల్లి దాటి వారధి ఎక్కేసరికి ట్రాఫిక్. వేగం తనంతట తనే మారుతూ ఉంటుంది. విజయవాడ నుంచి ఉండవల్లి కరకట్ట మీదుగా వెలగపూడి సచివాలయానికి వెళ్లేవాళ్లకీ అంతే.

ఊళ్లోనే తిరిగేవాళ్లకి ఇబ్బంది ఎక్కువ. రోజుకి 15 కి.మీ. తిరిగితే వెయ్యి కావడానికి రెండు నెలల పైనే పడుతుంది. ఆ రెండు నెలలూ బెంజ్ సర్కిల్, బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు సిగ్నళ్ల దగ్గర ఏసీ వేసుకుని మొదటి గేరు, రెండో గేరు, మళ్లీ న్యూట్రల్. ఇంజిన్ మీద భారం పడదు, ఐడిలింగ్ ఎక్కువ, రింగులు కూర్చోవు. మూడు నాలుగు కిలోమీటర్ల ట్రిప్పుల్లో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. కూలెంట్ వేడెక్కిన తర్వాత కూడా ఆయిల్ వేడెక్కడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. చల్లటి ఇంజిన్‌లో మండని పెట్రోలు బోరు గోడ మీద ఆయిల్ పొరని కడిగేసి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. ఇలాంటివాళ్లు వారానికి ఒక ఉదయం గన్నవరం మీదుగా హనుమాన్ జంక్షన్ దాకా, లేదా ఉయ్యూరు దాకా వెళ్లిరండి. ఆ గంటా గంటన్నర నడక ఊళ్లోని వారమంతటి కంటే ఇంజిన్‌కి ఎక్కువ మేలు చేస్తుంది.

ఆ ట్రిప్పులో చేయాల్సింది ఇది. స్టార్ట్ చేశాక అర నిమిషం ఆగి, మెల్లగా బయల్దేరండి. ఇంట్లో పది నిమిషాలు స్టార్టింగులో ఉంచడం వల్ల మేలు లేదు. చిన్న కార్లు చాలావాటిలో మీటరు మీద వెలిగే నీలం కూలెంట్ లైటు ఆరేదాకా 2,500 ఆర్‌పీఎం దాటొద్దు. రోడ్డు ఖాళీగా, వెనక ఎవరూ లేనప్పుడు మూడో గేరులో 40 నుంచి 70 దాకా సగం యాక్సిలరేటర్‌తో ఎక్కించండి. తర్వాత కాలు తీసేసి, గేరులోనే ఉంచి, మళ్లీ 40కి దిగనివ్వండి. పది పన్నెండు సార్లు చాలు, మధ్యలో మామూలుగా నడపండి. ఎక్కించేటప్పుడు గ్యాస్ ఒత్తిడి రింగుని గోడకి నొక్కుతుంది. కాలు తీసినప్పుడు సిలిండర్‌లో ఏర్పడే వాక్యూమ్ కాస్త ఆయిల్‌ని రింగుల దాకా లాగి, రాలిన సన్నటి లోహపు పొడిని కడిగేస్తుంది. 1.2 లీటర్ల మామూలు పెట్రోలు ఇంజిన్‌లో ఇదంతా 2,000 నుంచి 4,000 ఆర్‌పీఎం మధ్యే సాగుతుంది.

వేగాన్ని తనే ఒకేలా నిలిపే క్రూజ్ కంట్రోల్ వెయ్యి దాటేదాకా ముట్టుకోవద్దు. విశాఖ దాకా వెళ్లక తప్పకపోతే 70, 85, 95 అని పది నిమిషాలకోసారి వేగం మార్చుకుంటూ వెళ్లండి, గంటన్నరకోసారి ఆపండి.

పూజ సంగతి. కొత్త బండిని ఇంద్రకీలాద్రి దగ్గరికి తీసుకెళ్లడంలో ఏ ఇబ్బందీ లేదు. ఘాట్ చిన్నదే, రెండో గేరులో సగం యాక్సిలరేటర్‌తో ఎక్కుతుంది. మూడో గేరులో కూలబడి వణుకుతుంటే మాత్రం వెంటనే గేరు దించాలి. తిరుమల మొక్కు అయితే వెయ్యి దాటాక పెట్టుకుంటే మంచిది. దాదాపు 400 కి.మీ. హైవే, అయిదుగురు మనుషులు, సామాను, చివర్లో ఘాట్, ఇవన్నీ మొదటి వారంలోనే పడకూడదు. తప్పదంటే దిగేటప్పుడు రెండో గేరులో ఇంజిన్ బ్రేకింగ్ మీద దిగండి. కొత్త ప్యాడ్లు డిస్కు మీద ఇంకా సమంగా అమరలేదు కాబట్టి బ్రేకు తొక్కిపట్టి దిగితే త్వరగా వేడెక్కుతాయి, వాసన వస్తుంది, పట్టు తగ్గుతుంది. అలా మాడిన ప్యాడు పైపొర గాజులా గట్టిపడి తర్వాత కీచుమంటుంది. లీజులో బ్రేక్ ప్యాడ్లు సాధారణంగా అరిగే వస్తువుల లెక్కలోకి వస్తాయి. ఆ బిల్లు ఎవరిదో అగ్రిమెంటులో చూసుకోండి, మీదే కావచ్చు.

క్లచ్ కథా ఇంతే. కొత్త క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు ఒకదాని మీద ఒకటి సమంగా అతుక్కోవడానికి కొన్ని వందల కిలోమీటర్ల మామూలు వాడకం కావాలి. ఫ్లైఓవర్ ఎక్కుడులో ట్రాఫిక్ ఆగినప్పుడు బ్రేకు వేయకుండా సగం క్లచ్ మీద బండిని నిలబెట్టే అలవాటు ఉంటే మొదటి నెలలోనే ప్లేటు మచ్చలు పడి, తర్వాత బండి లేచేటప్పుడల్లా వణుకుతుంది. హ్యాండ్‌బ్రేక్ వాడండి. క్లచ్ పెడల్ లేని ఏఎంటీ, డ్యూయల్ క్లచ్ గేరుబాక్సులకీ ఇదే వర్తిస్తుంది. వాటిలోనూ క్లచ్ ఉంటుంది, యాక్సిలరేటర్‌తో ఎక్కుడులో నిలబెడితే అదీ కాలుతుంది. ఏఎంటీ మైలేజీ కోసం త్వరత్వరగా పై గేరుకి పోతుంది కాబట్టి మొదటి వెయ్యిలో ఫ్లైఓవర్ల మీద మాన్యువల్ మోడ్‌లో ఒక గేరు దించి నడపడం మేలు.

చిన్న టర్బో పెట్రోలు ఇంజిన్లకి ఇంకో హెచ్చరిక. 1,500 ఆర్‌పీఎం దగ్గర పై గేరులో ఉండి యాక్సిలరేటర్ అడుగంటా తొక్కొద్దు. టర్బో ఒత్తిడి ఎక్కువ, ఇంజిన్ వేగం తక్కువ అయినప్పుడు స్పార్కు రాకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్‌ని దెబ్బతీయగలదు. ఇది రన్-ఇన్‌కే పరిమితమైన నియమం కాదు, బండి ఉన్నన్నాళ్లూ పాటించాలి. హైవే మీద గట్టిగా నడిపి ఆపినప్పుడు టర్బో చల్లబడేందుకు అర నిమిషం, నిమిషం ఐడిలింగ్‌లో ఉంచి ఆపండి.

బీఎస్-6 డీజిల్ కారు లీజుకి తీసుకుని ఊళ్లోనే తిప్పాలనుకుంటే రన్-ఇన్ కంటే ముందు డీపీఎఫ్ అనే పొగమసి ఫిల్టరు గురించి ఆలోచించాలి. పొగమసి ఫిల్టరు తనని తాను శుభ్రం చేసుకోవడానికి పది పదిహేను నిమిషాలు, ఒక్కోసారి ఇంకాసేపు ఆగకుండా నడవాలి. మధ్యలో ఆపేస్తే ఆ పనికి అదనంగా చిమ్మిన డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గాల్సింది పోయి పెరిగితే కారణం అదే. సీఎన్జీ కార్లకి ఇవే హద్దులు. గ్యాస్ మీద లాగుడు తక్కువ కాబట్టి ఒక గేరు కింద నడపండి, బంకు క్యూలో ఇంజిన్ ఆపేయండి. కొంత దూరం మోటారు మీదే నడిచే స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఓడోమీటర్ 1,000 చూపించినా పెట్రోలు ఇంజిన్ అంత తిరిగి ఉండదు, 1,500 దాకా జాగ్రత్త పాటించమని మా సలహా. ఎలక్ట్రిక్ కారులో టైర్లు, బ్రేకులే మిగులుతాయి. రీజెనరేషన్ (కాలు తీయగానే మోటారే బండి వేగం తగ్గించి బ్యాటరీ నింపడం) వల్ల బ్రేకులు తక్కువ వాడతారు కాబట్టి ప్యాడ్లు అమరడానికి ఎక్కువ దూరమే పడుతుంది.

ఆయిల్ లెక్క: లీజుదారుకి అసలు లాభం

రన్-ఇన్ మొత్తంలో ఒక్కటే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి. 250, 500, 1,000, 2,000, 5,000 కి.మీ. దగ్గర డిప్‌స్టిక్ తీసి ఫోటో తీయండి, ఓడోమీటర్ ఫోటో దాని పక్కన పెట్టండి. చిన్న పెట్రోలు ఇంజిన్‌లో ఉండేదే మూడు, మూడున్నర లీటర్ల ఆయిల్. చాలా కార్లలో రెండు గుర్తుల మధ్య తేడా సుమారు ఒక లీటరు. రింగులు అమరేదాకా కాస్త ఆయిల్ తగ్గడం మామూలే. 1,000 కి.మీ.కి 1 లీటరు దాకా ఖర్చు కావచ్చని టయోటా మాన్యువల్‌లోనే ఉంది. అసలు విషయం ఆ ఖర్చు రానురాను తగ్గుతోందా, లేదా అన్నది. 2,000 దాటాక కూడా అదే వేగంతో దిగుతుంటే ఇంజిన్‌లో లోపం ఉండొచ్చు. తేదీలతో ఫోటోలు ఉంటే వారంటీ కింద అడగవచ్చు. లేకపోతే 20,000 దగ్గర ఆయిల్ లైటు వెలిగిన రోజున లీజు కంపెనీ, వర్క్‌షాపు ఇద్దరూ నిర్లక్ష్యం అన్న మాట పట్టుకుంటారు. నిర్లక్ష్యం వల్ల జరిగిన ఇంజిన్ నష్టాన్ని వారంటీ భరించదు, లీజు మెయింటెనెన్సు ప్యాకేజీ కూడా భరించదు.

మొదటి ఫ్రీ సర్వీసు చాలా కంపెనీల్లో 1,000 నుంచి 2,000 కి.మీ. మధ్య వస్తుంది. అందులో సాధారణంగా తనిఖీయే ఉంటుంది, ఆయిల్ మార్పు ఉండదు. దాన్ని వదిలేసేవాళ్లున్నారు, వదలొద్దు. జాబ్‌కార్డులో ఈ మాటలు రాయించండి: ఆయిల్, కూలెంట్ మట్టం, కింద లీకేజీ, వీల్ నట్ల బిగింపు, బ్రేక్ శబ్దం, స్టీరింగ్ ఒక పక్కకి లాగుతోందా. ఓడోమీటర్‌తో కూడిన ఆ కాగితం లీజు ముగిసే రోజున పనికొస్తుంది.

మొదటి ఆయిల్‌ని వెయ్యికే మార్పించాలా అంటే వద్దనే చెబుతాం. వచ్చే పొడిని ఫిల్టరు పట్టుకుంటుంది, తయారీదారు షెడ్యూలూ అలా చెప్పదు. పైగా లీజు కారుకి షెడ్యూలు బయట చేసే పని ఏదైనా ముందు అనుమతి అడగాలి, బిల్లు మీదే అవుతుంది. మనసొప్పకపోతే 5,000 దగ్గర, ఆథరైజ్డ్ వర్క్‌షాపులోనే, మాన్యువల్‌లో రాసిన గ్రేడే వేయించి బిల్లు దాచుకోండి. ఎండ ఎక్కువ కదా అని బయట మెకానిక్ చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తానంటే ఒప్పుకోవద్దు. 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20 లాంటి పల్చటి ఆయిల్ కోసం తయారైన సన్నటి దారుల్లో చిక్కటి ఆయిల్ పొద్దున్నే స్టార్టింగులో ఆలస్యంగా అందుతుంది.

సంతకం పెట్టే ముందు

అగ్రిమెంటులో టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ఎవరి ఖర్చో, తిరిగిచ్చేటప్పుడు ‘సాధారణ అరుగుదల’ అంటే ఏమిటో, ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఇన్సూరెన్సులో ఉందో లేదో చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి సింగ్ నగర్ వైపు కార్లు మునిగిన ఊరు ఇది. నీళ్లలో ఇంజిన్ స్టార్ట్ చేసి కనెక్టింగ్ రాడ్ వంగితే మామూలు పాలసీ సాధారణంగా ఆ ఖర్చు ఇవ్వదు. కారులో జీపీఎస్ పెట్టెలాంటిది అమర్చి ఉంటే అది ఏమేం నమోదు చేస్తుందో కూడా అడగండి. వేగం, గట్టి బ్రేకుల లెక్క వాళ్ల దగ్గర ఉండి, మీ దగ్గర ఏమీ లేకపోతే వాదన మీవైపు నిలవదు.

డ్రైవరు నడిపే కారైతే మాన్యువల్‌లోని ఆ పేజీ ఫోటో అతనికి వాట్సాప్‌లో పంపి, ‘1,000 కి.మీ. దాకా 4,000 ఆర్‌పీఎం దాటొద్దు, 2,000 కింద లాగొద్దు’ అని చిన్న కాగితం మీటరు పక్కన అంటించండి. వెయ్యి దాటిన రోజున ఓడోమీటర్, డిప్‌స్టిక్ ఫోటోలు తీసి డెలివరీ పత్రం ఉన్న ఫైల్లోనే పెట్టి, కాగితం తీసేయండి.